నా సంతకంతో వెళ్ళిన పరిమళం

2014 మార్చిలో డెన్వర్‌లోని ఒక గంజాయి పరీక్షల ల్యాబ్‌లో క్వాలిటీ మేనేజర్‌గా చేరాను. అంతకు ముందు ఇరవై రెండేళ్లు మందుల కంపెనీల్లో ఇదే పని చేశాను. కొలరాడోలో అప్పటికి దుకాణాల్లో గంజాయి అమ్మకం చట్టబద్ధమైంది. బంధువులకు మాత్రం "హెర్బల్ ల్యాబ్" అని చెప్పుకునేదాన్ని.

పెంపకందారులు పంపిన ఎండు పువ్వుల్లో మత్తు పదార్థం ఎంత శాతముందో, వాసననిచ్చే నూనెలు ఏవేవో యంత్రాలతో కొలిచేవాళ్ళం. తర్వాత ముగ్గురు ఉద్యోగులు వాసన చూసి వర్ణన రాసేవారు. నా సంతకం లేనిదే రిపోర్టు గడప దాటేది కాదు.

మే నెలలో రిక్ అనే పెంపకందారు ఒకే పంటవి రెండు సీసాలు తెచ్చాడు. మొదటిది త్వరగా ఆరబెట్టింది. రెండోది నిదానంగా ఆరబెట్టి, నెల రోజులు సీసాలో మగ్గబెట్టింది. మగ్గితే పరిమళం, రుచి, మత్తు మూడూ పెరుగుతాయని అతని నమ్మకం. రెండో సీసా మూత వదులుగా ఉంచమన్నాడు. "దానికి ఊపిరి ఆడాలి మేడమ్" అని, పసిబిడ్డను అప్పగిస్తున్నట్టు మరీ మరీ చెప్పి వెళ్ళాడు.

వారం తర్వాత ఫలితాలు వచ్చాయి. మత్తులో తేడా లేదు. కానీ రెండో సీసా గ్రాఫులో యంత్రం కూడా పేరు చెప్పలేని గీత ఒకటి నిటారుగా లేచింది. వాసన చూసినవాళ్ళు "వేయించిన వెల్లుల్లి, పాత తోలు, మరపురానిది" అని రాశారు. ఆ వారం నాకు జలుబు. ముక్కు పనిచేయక, కాగితాలు చూసి సంతకం చేశాను.

రిక్ ఫోన్‌లో సంతోషంతో కేకలు పెట్టాడు. ఆరేళ్ళుగా దీనికోసమే తంటాలు పడుతున్నాడట. ఆ రకానికి వాళ్ళమ్మ పేరు పెట్టి, లేబుళ్ళు అచ్చుకిచ్చేశాడు.

జలుబు తగ్గాక ఆ సీసా మూత తీశాను. నాకు ఆకలేసింది.

సాంబారు వాసన! రిక్ సీసాలు తెచ్చిన రోజే నా స్నేహితురాలు సుజాత ఇండియా నుంచి తెచ్చిన ముద్ద ఇంగువను లంచ్ టైమ్‌లో ఇచ్చి, "కార్‌లో మాత్రం పెట్టకండి, సీట్లన్నీ స్మెల్ పట్టేస్తాయి" అంది. కారు బాగుండాలని ఆ పొట్లాన్ని శాంపిళ్ళ బీరువా కింది అరలో పెట్టి మరిచిపోయాను. మూత బిగించిన సీసాలకు ఏమీ కాలేదు. ఊపిరి ఆడే సీసా ఒక్కటే దాన్ని పీల్చుకుంది.

డైరెక్టర్ కారెన్‌కు అంతా చెప్పేశాను. ఉద్యోగం పోతుందనే అనుకున్నాను. ఆమె రిపోర్టును రద్దు చేసి, లోపానికి కారణం రాసే ఫారం నా ముందు పెట్టింది. "ఒక వంటింటి వస్తువు" అని రాశాను. ఏ వస్తువో ఇంగ్లీషు పేరుతో సహా రాయమంది. డిక్షనరీ తీస్తే ఇంగువకు ఇంగ్లీషులో ఉన్న ఒక పేరుకు అర్థం "దయ్యం పేడ". క్వాలిటీ మేనేజర్ శాంపిళ్ళ బీరువాలో దయ్యం పేడ దాచారని రికార్డుకెక్కింది. తనిఖీకి వచ్చిన అధికారి అది రెండుసార్లు చదివి, నా ముఖం చూసి, పేజీ తిప్పేశారు.

రిక్ దగ్గరికి ఇంగువ పట్టుకుని నేనే వెళ్ళాను. తిడతాడనుకున్నాను. చాలాసేపు వాసన చూసి, "ఇది ఏ మొక్కది? కొలరాడోలో పెరుగుతుందా?" అన్నాడు.

కొత్త శాంపిళ్ళతో మళ్ళీ పరీక్షించాం. మగ్గబెట్టినదాంట్లో వాసన నూనెలు నిజంగానే బాగా నిలిచాయి. మత్తు మాత్రం పెరగలేదు. రిక్ ఆ రిపోర్టు చదివి, "బాగానే ఉంది, కానీ అమ్మ పేరు పెట్టేంత లేదు" అన్నాడు.

ఆ తర్వాత ఫలితం అందరికీ నచ్చిన ప్రతిసారీ సంతకం ఒక రోజు వాయిదా వేశాను. జలుబు చేసినప్పుడు రెండు రోజులు.