పసుపు పూసిన సర్వే రాయి

2018వ సంవత్సరం, మార్చి నెల రెండో మంగళవారం, పొద్దున తొమ్మిదిన్నర గంటలు. కర్ణాటకలో పావగడ తాలూకా, బలసముద్రం అవతల సోలార్ పార్కు లోపలికి వేయబోయే రోడ్డు. అప్పటికింకా రోడ్డు లేదు, గుర్తులు మాత్రమే ఉన్నాయి. ఆ గుర్తులు పాతినవాణ్ణి నేను.

నా పేరు నింగప్ప. జీవితంలో ఎక్కువ భాగం సర్వే పనిలోనే గడిచింది. మొదట గొలుసు లాగాను, తర్వాత టేపు పట్టాను, చివరికి జీపీఎస్ ఉన్న కోల భుజాన వేసుకున్నాను. ఇంజనీర్లు ఆఫీసులో గీసిన గీతను నేల మీదికి దించడం మా పని. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. అందుకేనేమో, చదివింది చదివినట్టు నమ్మే అలవాటు నాకు రాలేదు.

చదివేవాళ్లకు రెండు మాటలు చెప్పాలి. రోడ్డు మధ్యగీతను అలైన్‌మెంట్ అంటారు. తిన్నగా పోయే రెండు గీతలను ఒక వంపు కలుపుతుంది, అది కర్వ్. ఆ వంపు ఎంత విశాలంగా తిరగాలో చెప్పేది రేడియస్. రేడియస్ పెంచితే పెద్ద బండి సుఖంగా తిరుగుతుంది, కానీ వంపు లోపలి వైపుకు జరుగుతుంది. ఇప్పుడు ఇదంతా కంప్యూటర్లోనే. వంపును మౌసుతో పట్టుకుని లాగితే చాలు, జరుగుతుంది. తెర మీద అది వెంట్రుకంత. నేల మీద ఒకరి బతుకంత.

నేను చెప్పే వంపుకు బయట వైపు రాయప్ప కొబ్బరి తోట. లోపలి వైపు ఓబుళమ్మ గొర్రెల దొడ్డి, పక్కనే ఆమె బోరు. చేనంతా పార్కుకు గుత్తకిచ్చి ఆ కాస్త జాగా మాత్రం ఉంచుకుంది. మా వైపు బోరు వేస్తే దుమ్మయినా వస్తుంది, నోట పెట్టలేని నీళ్లయినా వస్తాయి. ఓబుళమ్మ బోరులో మాత్రం తియ్యటి నీళ్లు. ఆమె మందా, ఆమె కొంపా దాని మీదే నిలబడ్డాయి. బోరుకు పరిహారం ఇస్తారు, నిజమే. ఆ డబ్బుతో ఇంకోచోట వేస్తే నీళ్లు పడతాయని ఎవరు చెప్పగలరు?

మొదటిసారి గుర్తులు పెట్టినప్పుడు రోడ్డు బోరుకు దూరంగానే, రాయప్ప తోట కంచెను ఆనుకుని పోయింది. వంపు నడిమధ్య నేనే ఒక రాయి పాతి తలకు ఎర్ర పెయింటు పూశాను. మామూలుగా చెక్క మేకులు కొడతారు. మా దగ్గర చెక్క మేకు కొడితే తెల్లారేసరికి పొయ్యిలో ఉంటుంది, లేదా దానికి మేకపిల్ల కట్టి ఉంటుంది. అందుకని రాళ్లు.

ఆ మంగళవారం కొత్త కొలతలు వచ్చాయి, మళ్లీ గుర్తులు పెట్టమన్నారు. కోల పట్టుకుని మిషన్ చూపిన వైపు నడిచాను. ఇక్కడే అని అది కూత పెట్టిన చోట నిలబడి తలెత్తితే బోరు పైపు చేతికందేంత దగ్గరలో ఉంది. వెనక్కి పోయి మళ్లీ వచ్చాను. అక్కడే కూత పెట్టింది. మిషన్ తప్పు చెప్పదు. దానికి చెప్పినవాళ్ల సంగతి వేరు.

నాకు వెంటనే గుర్తొచ్చింది ఒకటే. అంతకు ముందు వారం కంపెనీ జీపు రాయప్ప తోటలో నీడకు ఆగి ఉండగా చూశాను. పక్కన కొట్టేసిన ఎళనీరు బొండాలు, అదే లేత కొబ్బరి బొండాలు, కుప్పగా పడి ఉన్నాయి.

అంతలో మందను నీళ్లకు తోలుకొచ్చిన ఓబుళమ్మ నన్ను చూసింది.

"ఏం నింగన్నా, నా బోరుకాడ ఏం వెతుకుతాండావు? ఏమన్నా పారేసుకుంటివా?"

"రోడ్డు వెతుకుతాండా."

"రోడ్డు ఆడ గదా! నువ్వే గదా ఆడ రాయి పాతింది?"

"మొన్న ఆడ. ఈ పొద్దు ఈడ చూపిస్తాంది."

ఆమె చేతిలో కట్టె నేలకు గట్టిగా ఆనించింది. "రోడ్డుకు కాళ్లొచ్చినాయా? నిజం చెప్పు, ఎవురి ఎళనీరు తాగి జరిపినారు?"

నన్నే అనుమానించింది. నాకు కోపం రాలేదు. ఆమె చోట నేనుంటే నేనూ కోల పట్టుకున్నవాణ్ణే ముందు పట్టుకుంటాను.

గొంతులు విని రాయప్ప బైకు మీద వచ్చాడు. దిగకుండానే, "ఏందప్పా గలాట? పెద్ద రోడ్డు యాడికి పోతే ఆడికి పోతాది. మనం పోయి అడ్డం పడుకుంటామా?" అన్నాడు.

"నీ తోటలోకి వచ్చింటే పడుకుందువులే. చాప, దిండు కూడా తెచ్చుకుందువు!" అంది ఓబుళమ్మ.

నేను సుమ మేడానికి ఫోన్ చేశాను. ఆమె డిజైన్ ఇంజనీరు, తుమకూరు పిల్ల. నన్ను కన్నడంలో అజ్జా, అంటే తాతా, అని పిలుస్తుంది. ఆ రోజు పార్కు ఆఫీసులోనే ఉండటంతో కంపెనీ డ్రైవరు మస్తాన్ నడిపే కారులో కాసేపటికే వచ్చింది. నాకు చుట్టూ తిప్పి మాట్లాడటం చేతకాదు.

"మేడం, ఈ వంపును జరిపింది ఎవురు?"

"నేనే."

"ఎవురు చెప్తే జరిపినావు?"

ఆమె మొహం ఎర్రబడింది. "అజ్జా, ఏం అడుగుతున్నారో తెలిసే అడుగుతున్నారా?"

"తెలిసే. మొన్న కంపెనీ జీపు ఆ తోటలో ఉన్నింది."

"ఆ జీపులో నేను లేను."

మస్తాన్ గొంతు సర్దుకున్నాడు. "టైరు పంచరైతే నేనే ఆపినా తాతా. ఎళనీరు కూడా నేనే తాగినా. ఎండ తట్టుకోలేక."

"కుప్పంతా నువ్వొకడివే తాగినావా?" అన్నాను. నేను నమ్మలేదు. ఇప్పటికీ సగమే నమ్ముతాను.

సుమ మేడం కారు బానెట్ మీద ల్యాప్‌టాప్ తెరిచింది. "అందరూ చూడండి. నాకు దాచేది ఏం లేదు." తెర మీద డ్రోన్‌తో పైనుంచి తీసిన ఫోటో, దాని మీద రోడ్డు గీత. వంపు మీద నొక్కితే చిన్న చిన్న చుక్కలు లేచాయి. "పాత గీత ఇది. దాని మీద గుడి రాయి ఉందని డ్రోన్ ఎగరేసే అతని నుంచి నాకు రిపోర్టు వచ్చింది. దేవుడి మీద రోడ్డు వేస్తామా? అందుకే తప్పించాను."

"బయటికి తప్పిస్తే పోయేది గదా? లోపలికే ఎందుకు?"

ఆమె మాటతో చెప్పలేదు, చేసి చూపించింది. చుక్కను పట్టుకుని వంపును తోట వైపు లాగింది. గీత పక్కన పసుపు రంగు త్రికోణం వెలిగింది. "ట్రాన్స్‌ఫార్మర్లు మోసుకొచ్చే ట్రెయిలర్ పొడుగు తెలుసు కదా అజ్జా. రేడియస్ ఇంతకు తగ్గితే అది తిరగదు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. పాత గీతే ఆఖరు. కదిలితే లోపలికే కదలాలి."

ఓబుళమ్మ తెర దగ్గరికి వంగింది. "నా బోరు యాడుండాది దీంట్లో?"

మేడం వేలు పెట్టి చూపించింది.

"ఇంత చుక్కేనా!" అంది ఓబుళమ్మ.

"ఆ గుడి రాయి చూపించు," అన్నాను. మేడం ఫోటోను పెద్దది చేసింది. పసుపు, కుంకుమ, వాడిన కనకాంబరాలు. వాటి కింద రాయి. ఆ రాయి ఒక పక్క చెక్కు లేచి ఉంది. గడ్డపారతో దాన్ని లేపింది నేనే.

"అది దేవుడు కాదు మేడం. అది నేను పాతిన సర్వే రాయి!"

నేను రాయప్ప వైపు చూశాను. రాయప్ప ఓబుళమ్మ వైపు చూశాడు. ఓబుళమ్మ గొర్రెల వైపు చూసింది.

"నేనే మొక్కినా," అంది మెల్లగా. "మొక్కిన రాయిని ఎవురూ పెరకరు గదా. రాయి కదలకుంటే రోడ్డు కదలదనుకొంటి."

మా వైపు పసుపు పూసిన రాయిని ఎవరూ ముట్టుకోరు. అంతవరకూ ఆమె లెక్క సరిగ్గానే ఉంది. రాయి నిజంగానే కదల్లేదు. దానికి దండం పెట్టి రోడ్డే పక్కకు తొలగింది.

నా అనుమానం అక్కడితో తీరలేదు. పసుపు చూడగానే డ్రోన్ ఎగరేసే అతనికి గుడి అని ఎట్లా తోచింది? మేడం చేత ఫోన్ చేయించాను, స్పీకర్ పెట్టింది. అతను చెప్పాడు: "నాకేం తెలుసు మేడం! బైకులో పోతాన్న ఒకాయన ఆగి, అది పాతకాలం దేవరు, దాని మీద రోడ్డేస్తే ఊరు ఒప్పుకోదు అన్న్యాడు. అదే రాసినా."

"ఎట్లుంటాడు ఆయన?" అని అడిగాను.

"తలకు టవల్ కట్టుకున్న్యాడు సార్. మొగం చూడల్యా."

మా వైపు బైకులకు కొదవ లేదు, తలకు టవల్ కట్టనివాడు లేడు. రాయప్ప మాత్రం తన బండి అద్దం తుడవడం మొదలుపెట్టాడు. అద్దం మీద దుమ్మేమీ లేదు.

మేడం పాత రేడియస్ మళ్లీ కొట్టింది. వంపు తెర మీద జారి పాత చోటికి పోయింది. బోరు చుక్క గీతకు దూరమైంది. కానీ ఆమె చేయి తీయకుండా, "ఆ రాయి అక్కడ ఉన్నంతవరకు నేను దీన్ని పైకి పంపలేను. పూజ చేసిన రాయి మీద రోడ్డు వేశారని రేపు ఎవరైనా గొడవ చేస్తే?" అంది. అలా అంటూ రాయప్పను చూసింది. ఆ పిల్లకు కూడా అనుమానం నేర్పాను కాబోలు.

"పెరికేయ్ ఓబుళమ్మా," అన్నాను. "నేను పాతిన రాయే గదా, నేను పెయింటు పూసిన రాయే గదా."

"నువ్వు పాతింటే ఏమి, నేను మొక్కినా గదా! బోరు నిలబడితే టెంకాయ కొడ్తానని మొక్కుకొంటి. మొక్కు తీర్చకుండా పెరికితే ఆ నీళ్లు నాకు నిలుస్తాయా?"

"అయితే తీర్చు."

"తీరుస్తా." రాయప్ప వైపు తిరిగింది. "టెంకాయ మాత్రం నీ తోటదే కావల్ల."

"నా తోటదెందుకమ్మా?"

"దేవరు అంటే నీకు శానా భక్తి అని విన్యా."

రాయప్ప కాదనలేడు, అవుననలేడు. బైకు తిప్పుకుని పోయి ఒక కాయ తెచ్చాడు. ఓబుళమ్మ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. ఆ చేతి కాయను ఆమె ఊరికే ఎట్లా నమ్ముతుంది? నీళ్ల చప్పుడు విన్నాకే కొట్టింది. రాయి ముందు చెంపలు వేసుకుని, "తప్పుంటే నాది," అని తానే గడ్డపార వేసింది. మస్తాన్ చేయి వేయబోతే వద్దంది. రాయిని కొంగులో మోసుకుపోయి బోరు పైపు పక్కన పెట్టింది.

నేను కోల తీసుకుని పాత చోటికి నడిచాను. మిషన్ కూత పెట్టింది. ఈసారి ఇనుప మేకు కొట్టాను.

రోడ్డు ఆ గీత మీదే పడింది. ట్రెయిలర్లు తిరిగాయి. బోరు ఇప్పటికీ పోస్తోంది. సుమ మేడానికి నేను క్షమాపణ చెప్పలేదు, ఆమె అడగలేదు. ఆ తర్వాత ఏ వంపు జరపాలన్నా ఆమె నాకు ఫోన్ చేసి, "అక్కడ నేల మీద ఏముంది అజ్జా?" అని అడిగేది.

ఆ రోజు తెలుసుకున్నది ఇదీ. అనుమానం ఉండటం మంచిదే. కానీ నేను దాన్ని ఒకే వైపుకు తిప్పి నిలబడ్డాను, నా వెనకాల నేను పాతిన రాయే దేవుడై కూర్చుంది. వంపు జరిగితే ముందు నేలను అడగాలి, తర్వాతే మనుషుల్ని. మనుషుల్ని అడగడం మాత్రం మానకూడదు.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం ఓబుళమ్మ, రాయప్ప, సుమ మేడం, డ్రైవరు మస్తాన్, నేను. డ్రోన్ అతనికి దేవరు అని చెప్పిన మనిషి కూడా అక్కడే ఉన్నాడని నా అనుమానం. రుజువు లేదు కాబట్టి అతని పేరు విడిగా రాయను. పైన ఎలాగూ రాశాను.