ఎడమకాలి లాడం

మా నాయన చింతామణిలో ఎద్దులకు లాడాలు కొట్టేవాడు. నేను అక్కడే మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు మేష్టర్ని. అందుకే, అరవైల మొదట్లో ఒక వేసవిలో ఒక దొర లాడం కోసం వస్తే, ఇద్దరి మధ్య మాటలు మోసే పని నా నెత్తిన పడింది.

ఆయన బెంగళూరులో ఏదో ఫ్యాక్టరీలో ఇంజనీరు. అంతకు ముందు ఇంగ్లండులో మోటారుసైకిల్ పందేలే ఆయన బతుకు. బొగ్గు బూడిద పరిచిన గుండ్రటి బాట, బ్రేకుల్లేని బండి, ఎప్పుడూ ఎడమకే తిరగడం. మలుపులో ఎడమకాలు నేలకు ఆనించి జారుతూ పోవాలట. ఆ కాలి బూటు అరిగిపోకుండా అడుగున ఇనుప రేకు తొడుక్కుంటారు. బ్రేకుల్లేని బండి ఎక్కేవాణ్ని మా ఊళ్ళో ఏమంటారో నాకు తెలుసు గానీ, మర్యాదకు ఆయనతో అనలేదు. పదేళ్ళు గెలిచాడు, ఒక్కసారి పడ్డాడు, ఎడమ మోకాలు చితికింది. ఇప్పుడు బెంగళూరులో అలాంటి పందేల ప్రదర్శన ఒకటి పెడతామన్నారట. మళ్ళీ బండెక్కాలని ఆయన ప్రాణం కొట్టుకుంటోంది. ఆ బండి మోతకు బెంగళూరులో ఎవరూ చోటివ్వకపోతే, లారీలో బండి తెచ్చుకుని, ఎండిపోయిన మా చెరువులో పదిహేను రోజులుగా చుట్లు కొడుతున్నాడు.

రేకు పగిలిందంటే నాయన దగ్గరికి తీసుకొచ్చాను. కొలతకని దొర రెండు రేకులు ఇచ్చాడు. ఒకటి గెలిచిన రోజులది, ఇంకొకటి ఇప్పుడు పగిలింది. నాయన రెండూ తిప్పి తిప్పి చూసి, నా చెయ్యి పట్టుకుని గోడ అవతలికి లాక్కుపోయాడు. నాకు తల బాదుకోవాలనిపించింది. పనికి రాని ఎద్దు సంగతి ఎద్దు ముందర చెప్పకూడదని నాయన నియమం. యజమానిని పక్కకు పిలిచి చెప్పేవాడు. ఆ రోజు ఆ యజమాని నేనే అయ్యాను.

"పాతది చూడు, అడుగంతా సమంగా అరిగుండాది. కొత్తదానికి ఒక్క అంచే అరిగింది. కాలు మోపాలంటే జంకుతాండాడు. ఇట్లాంటి ఎద్దును నేను కాడికి కట్టనీను. లాడం చెయ్యను, ఆయప్పకు చెప్పు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇనుము లేదంటున్నాడని దొరతో అబద్ధమాడాను. మా కొట్టం నిండా ఇనుమే! ఆయన ఆ కుప్పను చూశాడు, నన్ను చూశాడు. తర్వాత కుంటుకుంటూ వెళ్ళి, ఎడమకాలు చాపుకుని నాయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. నిజం చెప్పమని అడగమన్నాడు. నాకు సిగ్గేసింది. అడిగాను.

నాయన ఆయన మోకాలి మీద అరచెయ్యి వేశాడు. అన్నేళ్ళ నియమం పక్కన పెట్టి, మొహం మీదే చెప్పాడు.

"శానా పరిగెత్తినావప్పా. ఇంక చాలు."

నేను నోరు తెరిచేలోగా దొర చెయ్యెత్తి ఆపాడు. అంత మనిషీ వెక్కి వెక్కి ఏడ్చాడు. నాయన చెయ్యి తియ్యలేదు.

తేరుకున్నాక దొర మెల్లగా చెప్పాడు. ఎముక బాగా అతికింది, నిక్షేపంగా ఎక్కొచ్చు అన్నారట డాక్టర్లు. భార్యా అదే అందట. మలుపు దగ్గర గుండె జారిపోతోందని ఎవరితోనూ అనలేక, పదిహేను రోజులుగా ఆ ఎండలో ఒక్కడే భయంతో చుట్లు కొట్టాడు. ప్రతి మలుపుకూ మేము, ఊరివాళ్ళం, చెరువుగట్టు మీద నిలబడి ఈలలు వేశాం, చప్పట్లు కొట్టాం. అందరికన్నా గట్టిగా కొట్టింది నేనే.