మలాజ్ బొమ్మల కొట్లో ఎర్ర రోబో

మొన్న రియాద్‌లో మా అబ్బాయి ఇంట్లో చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంటే, గోడంత టీవీ ముందున్న మనవరాలు ఉన్నట్టుండి కేక పెట్టింది. కార్ల పందెం ఆట కొత్త భాగంలోకి బొమ్మల కంపెనీవాళ్ల ఎర్ర రోబో అతిథిగా వచ్చిందట, ఇలాంటి వింత మునుపెన్నడూ జరగలేదట. జరిగింది తల్లీ, మీ నాన్న ఎల్కేజీ చదివే రోజుల్లోనే జరిగింది, దాన్ని నలుగురికీ చూపించినదాన్ని నేనే అన్నాను.

గల్ఫ్‌లో కాపురం చేసిన నా ఈడు ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు, మగతోడు లేకుండా వీధి మొహం చూడని ఆ రోజుల్లో ఇదే రియాద్‌లో మలాజ్ అనే పేటలోని రెండు గదుల ఇంట్లో మధ్యాహ్నాలు ఎంతకీ తరిగేవి కావు. మా ఆయన బొమ్మల కొట్లో సేల్స్‌మన్. పెట్టె చిరిగిపోయి అమ్ముడుపోని కార్ల పందెం వీడియో గేమ్ ఒకటి పిల్లవాడి కోసం తెస్తే, వాడు బడికి వెళ్లాక అది నా చేతికి చిక్కింది. కడపదాన్ని, పట్టు పడితే వదలను. ఎడారి దారిలో గోడకు ఒక్కసారి కూడా తగలకుండా గెలిస్తే చివర్న గేటు తెరుచుకుని, ఒక ఎర్ర కారు వచ్చి, లేచి నిలబడి, ఛాతీ మీద డేగ గుర్తున్న రోబోగా మారి మనతో పందేనికి దిగేది.

ఆ ఏడే కొట్టు దెబ్బతింది. యజమాని, అంటే మా ఆయనకు వీసా ఇచ్చి తెచ్చుకున్న కఫీల్, ఆశపడి తెప్పించిన రోబో బొమ్మలు అట్టపెట్టెల్లోంచి కదల్లేదు. రంజాన్ దాటగానే కొట్టు మూసి, ఈయన పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర కొట్టించి ఇండియాకు పంపేస్తానన్నాడు. ఆ దిగులులోనే ఈయన ఒక బొమ్మ తెచ్చి పిల్లవాడి చేతిలో పెట్టారు. చూద్దును కదా, అదే ఎర్ర కారు, మడతలు విప్పితే అదే రోబో, ఛాతీ మీద అదే డేగ! ఆటవాళ్లూ బొమ్మలవాళ్లూ కలిసి చేసుకున్న ఏర్పాటది. ఆ దారి చివరిదాకా వెళ్లినవాళ్లు లేక కొనేవాళ్లెవరికీ ఆ సంగతి తెలియలేదు.

“నన్ను కొట్టుకు తీస్కపో. టీవీ పెట్టు, నేనాడి సూపిస్తా” అన్నాను.

“యాడన్నా ఉందా మే? ఆడమనిషి కొట్లో కూచ్చోని ఆటాడేది? ఎవురన్నా సూస్తే?”

“నఖాబ్ ఉండాది గదా. సూసినా ఎవురని తెలుస్తాది?”

చివరికి ఈయన ఒప్పుకోక తప్పలేదు. సాయంత్రం అసర్ నమాజు తర్వాత, కుటుంబాలు బజారుకొచ్చే వేళ, స్టూలు మీద కూర్చుని మొదలుపెట్టాను. పిల్లలు ఒక్కొక్కరే చేరి నా భుజాల మీదికి ఒరిగారు. సరిగ్గా గేటు కనిపించే మలుపులో పొద్దుగూకే వేళ నమాజు పిలుపు, మగ్రిబ్ అజాన్! నమాజు వేళ కొట్లు మూయాల్సిందే కాబట్టి ఈయన అందరినీ బయటికి పంపి, నేను లోపలుండగానే షట్టర్ దించేశారు. ఆట అక్కడే ఆపి, చీకట్లో ఆ వెలుగుతున్న మలుపును చూస్తూ కూర్చున్నాను గానీ, ఓడిపోతానేమోనని ఒక్క క్షణం కూడా అనుకోలేదు. మళ్లీ షట్టర్ ఎత్తేసరికి పిల్లలు రెట్టింపయ్యారు, వెనక తల్లులు కూడా. గేటు తెరుచుకుంది, రోబో లేచి నిలబడింది. ఒక అరబ్బు పిల్ల అలమరలోని బొమ్మను లాక్కొచ్చి తెరకు ఆనించి, “హాదా హువ్వా!” అని అరిచింది. ఇదే అది, అని. ఇక వాళ్లమ్మ ఏం చేయగలదు, కొనక!

వారం తిరక్కుండా కఫీల్ స్వయంగా వచ్చి, గుమ్మంలో నిలబడి ఆట చూసి, కడుపుబ్బ నవ్వి, మాకు చాయ్ చెప్పాడు. రంజాన్ పండగ వచ్చేసరికి అట్టపెట్టెలు ఖాళీ, ఎగ్జిట్ మాట మళ్లీ ఎత్తలేదు. ఆ కొట్టు జీతంతోనే మా అబ్బాయి ఇంజనీరయ్యాడు. ఆ రోజు తనకేమీ భయం లేదని ఈయన ఇప్పుడు అందరికీ చెబుతారు.

ఇప్పుడు ఇదే ఊళ్లో ఆడపిల్లలు వేదికలెక్కి ఇవే ఆటలు ఆడుతున్నారు. చూసి గర్వపడతాను, ఆలస్యంగా పుట్టి ఉంటే నేనూ ఎక్కేదాన్ని. కానీ మనవరాలి చెవులకు హెడ్‌ఫోన్లు, ఆమెతో ఆడేవాళ్లు ఏ దేశాల్లో ఉన్నారో ఆమెకే తెలియదు. మొన్న ఆ రోబోను గెలిచి రెండు చేతులూ పైకెత్తినప్పుడు పక్కన భుజం తగిలేంత దగ్గరగా ఒక్కరూ లేరు. నేనే సోఫా మీద కాస్త ఆమె వైపు జరిగి కూర్చున్నాను.