చెల్లి చేతి మీద ఒలికిన కార్బాలిక్

నా చిన్నప్పుడు కోయిలకుంట్ల చుట్టుపక్కల కలరా సోకిన ఒక ఎండాకాలంలో, మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న మా మేనత్త మా ఇంటికొచ్చి కొన్నాళ్లుంది. దొడ్లు శుభ్రం చేయడానికి ఒక సీసాలో కార్బాలిక్ అనే క్రిములు చంపే మందు తెచ్చింది. పొద్దున చూస్తే కలకండ పలుకుల్లా తెల్లగా గడ్డకట్టి ఉండేది. మా ఎండలకు మధ్యాహ్నానికల్లా దానంతటదే కరిగి నూనెలా జారేది. వాసన తారులా ఉన్నా, అందులో ఏదో తీపి తగిలేది.

ఆ తీపికే కాబోలు, మూడేళ్ల మా చెల్లి బిరడా లాగింది. మందు మోచేతి నుంచి మణికట్టు దాకా ఒలికింది. అది ఏడవలేదు. సున్నం పూసినట్టు తెల్లబడిన చేతిని నవ్వుతూ మాకు చూపించింది. బిడ్డ ఏడవలేదని అమ్మ స్థిమితపడింది. అత్త ముఖం మాత్రం పాలిపోయింది.

"నొప్పి తెలీల్యా అంటేనే నాకు భయంగా ఉండాది వదినా. చర్మం చచ్చిపోతాండాది. అన్నా, సారాయి కావాల, శానా కావాల."

ఆ మందు నీళ్లలో అంత తొందరగా కరగదట, సారాయిలో ఇట్టే కరుగుతుందట. మా నాయన చర్చిలో ఉపదేశి. సారాయి తాగే ఇళ్లకు వెళ్లి మాన్పించడానికి గంటలు గంటలు బతిమాలే మనిషి. ఆయన భుజాన కండువా అయినా వేసుకోకుండా సారాయి అంగడికి పరుగెత్తి, వీధంతా చూస్తుండగా రెండు చేతుల్లో రెండు సీసాలతో తిరిగొచ్చాడు.

అత్త గుడ్డ ముంచి తుడిచింది, మళ్లీ ముంచి తుడిచింది. ఆ పైన కడవలకొద్దీ నీళ్లు పోసింది. అయినా ఆమె భయం తీరలేదు. ఆ మందు చర్మంలోంచి రక్తంలోకి దిగుతుందని, దిగితే మూత్రం నల్లబడుతుందని చెప్పింది. చెల్లి మగతగా పడుకుంటే అమ్మ దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తూ కూర్చుంది. నాయన ప్రార్థన మొదలుపెట్టి మధ్యలోనే మాట మరిచిపోయాడు.

పొద్దు వాలేవేళకు చెల్లి లేచి, చేయి మండుతోందని గుక్కపట్టి ఏడ్చింది. అత్త దాన్ని పెరట్లోకి ఎత్తుకెళ్లి, తిరిగొచ్చి, "తేటగానే ఉండాది" అంది. అమ్మ అప్పుడు ఏడ్చింది.

చెల్లి చేతి మీద మచ్చ మిగిలింది, అంతే. నేను పిల్లల్ని పెంచాను, మనవల్ని పెంచుతున్నాను. కిందపడి ఏడ్చే బిడ్డ దగ్గరికి నింపాదిగానే వెళ్తాను. పడి కూడా నవ్వే బిడ్డనైతే, ఒడిలోకి తీసుకుని ఒళ్లంతా తడిమి చూస్తాను.