మా మావగారూ, లారీ ట్యూబూ

బరంపురం నుంచి సముద్రం ఆటో దూరం. ఈ సంగతి బరంపురం వాళ్ళకి తప్ప లోకమందరికీ గుర్తుంటుంది. ఎండలు ముదరగానే మేం నీళ్ళు చూడడం కోసం సముద్రానికి వీపు తిప్పి, అద్దె కారులో ఇరుక్కుని, ఘాటీ ఎక్కేటప్పుడు బండి మూలుగుతోందని డ్రైవరు ఏసీ ఆపేస్తే ఇడ్లీల్లా ఉడికి, రెండు కొండల మధ్య ఏరు వంకర్లు తిరిగే చోటికి చేరతాం. అక్కడ నీళ్ళు మోకాలి దాకా ఉంటాయి. జనం మెడదాకా ఉంటారు.

చోటు అందమైనదే, కాదనను. రెండు వైపులా నిట్టనిలువుగా నల్లటి రాతిగోడలు, వాటిని పట్టుకుని వేలాడే వెదురు, కింద పచ్చటి నీళ్ళు. ఆ అందం తట్టుకోలేక ఎవరో దానికి అడ్డంగా గుండె ఆకారంలో ఒక ఇనపచట్రం పాతారు. అందులో నిలబడి ఫొటో దిగితే కొండ కనిపించదు, ఏరు కనిపించదు, మనమే కనిపిస్తాం. అందుకే దాని ముందు వరస రథం తాడు కంటే పొడుగు. ఇక భోజి పార్టీలు. పిక్నిక్‌ని మా వైపు భోజి అంటారు. ఒక్కో పార్టీకి బీరువా అంత స్పీకరు. ఒకరు పాట పెడితే కొండ దాన్ని తిరిగి పాడుతుంది, దాని నోరు మూయించడానికి అవతలి వాళ్ళు ఇంకో పాట పెడతారు. అక్కడి పక్షులన్నీ ఎప్పుడో పొలసర బస్సెక్కి వెళ్ళిపోయాయని నా గట్టి నమ్మకం.

మాది రైల్వే కుటుంబం. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగం కోసం వచ్చినప్పటి నుంచి మావాళ్ళు నీళ్ళని బకెట్లోనే చూశారు. మా మావగారిది సముద్రం మీద బతికే కుటుంబం. ఈ రెండూ ఎలా వియ్యమందాయన్నది మా ఆవిడ చెబితే ఒక కథ, నేను చెబితే ఇంకో కథ. చలికాలంలో మావగారు పడవ దిగుతూ అలల్లో కాలు మడతపడి కూలబడ్డారు. మోకాలు గుమ్మడికాయంత అయింది. నేను చూసినప్పుడు గుమ్మడికాయ, ఆయన చెప్పినప్పుడు నిమ్మకాయ. అప్పట్నుంచి మా ఆవిడది ఒకటే పాట: ఇక పడవ ఎక్కొద్దు. ఆయన ఎక్కుతానంటారు. కొండగాలి తగిలితే మనసు మారుతుందని ఈ ప్రయాణం పెట్టింది ఆవిడే.

మావగారు కారెక్కుతూనే ఒక స్టీలు డబ్బా తెచ్చారు. అందులో ఎండుచేపలు. మూత గట్టిదే, కానీ వాసన ముందు ఏ మూతా నిలవదు. దారిలో కొడల అనే ఊరు దాటేసరికి డ్రైవరు మెడ కిటికీలోంచి బయటికి పెట్టి నడుపుతున్నాడు.

"నాన, మరి సంద్రానికి ఎల్లనని సెప్పు," అంది మా ఆవిడ.

"సంద్రానికి ఎల్లకపోతే ఏటి సెయ్యాలి? నీ మొగుడిలాగ కుర్సీలో కూకుని కాయితాలికి గాలాడించాలా?"

"నా పేరెందుకు మావా మధ్యలో," అన్నాను.

"నువ్వుండండీ," అంది ఆవిడ. గౌరవం సగంలో గుర్తొస్తే వచ్చే మాట అది. "సరే నాన. ఇయాళ అక్కడ ఎవుల సెయ్యీ పట్టుకోకుండా నీళ్ళల్లోకి దిగు. ఎవుల సెయ్యీ పట్టుకోకుండా గట్టెక్కు. ఎక్కితే నేను మరి నోరెత్తను. ఎక్కలేకపోతే సంద్రం మానీ."

ఆయన నవ్విన నవ్వుకి కారు ఊగింది. "ఏట్లోనా? గిన్నెలో నీళ్ళే అవి!"

గిన్నె ఆ రోజు కాస్త నిండుగా ఉంది. ముందురోజు పైకొండల్లో వాన పడిందట. రేవు దగ్గర ఒకాయన లారీ ట్యూబులు అద్దెకిస్తున్నాడు, వాటికి తోడుగా ఒక లైఫ్ జాకెట్టు కూడా. దాని బకిల్సు ఊడిపోతే జనపతాడుతో కట్టారు. మావగారు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి చూసి, "ఇది తొడుక్కుంటే సేపలు నవ్వుతాయి," అని వెనక్కిచ్చేశారు. ప్రమాదం లేదు కదా అని నేను ట్యూబులాయన్ని అడిగాను. "కిఛి హెబని," అన్నాడు. ఒడియాలో ఏమీ కాదని అర్థం. మా జిల్లాలో ఏదైనా జరగబోయే ముందు వినిపించే ఆఖరి మాట అదే.

మావగారు లుంగీ ఎగ్గట్టి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా దిగి, ట్యూబులో సింహాసనం మీద కూర్చున్నట్టు కూర్చున్నారు. మా ఆవిడ గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడింది.

సముద్రం మీద పనిచేసే వాళ్ళకి ఒక పద్ధతి ఉంది. నీళ్ళలో ఉన్నంతసేపూ అల వచ్చే వైపుకే మొహం పెట్టాలి, వీపు చూపించకూడదు. పట్టు తప్పితే కాళ్ళూ చేతులూ కొట్టుకోకూడదు. ఒళ్ళు వదిలేసి కాసుక్కూర్చుంటే పెద్ద అల తనే వచ్చి ఒడ్డున పడేస్తుంది. మావగారు పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి చేసింది అదే. ఇప్పుడూ అదే చేశారు. నీళ్ళు ఎటు నుంచి వస్తున్నాయో అటు మొహం పెట్టి, మోకాళ్ళ మీద చేతులు వేసుకుని, అల కోసం కాచుకున్నారు.

ఏరు ఆయన్ని వెనక్కి తీసుకుపోవడం మొదలుపెట్టింది. మెల్లగా, మర్యాదగా. గూడ్సు రైలు ఆఖరి పెట్టెలో గార్డు మన వైపే చూస్తూ దూరమైపోతాడే, అచ్చం అలాగ.

"మావా! చేతులు తెడ్డులా ఆడించు!" అని అరిచాను.

"ఉండు అల్లుడా! అల వస్తాది!"

"ఏట్లో అలేంటి మావా!"

"నాకు సెప్పకు! నువ్వు బకెట్లో పుట్టినావు!"

మా ఆవిడ చేతులు విడిపోయాయి. "నాన! అల రాదు! కాలు కిందెట్టు నాన!" అంటూ రాళ్ళ మీద పరుగెత్తింది. పెళ్ళినాటి నుంచి ఆవిడ పరుగెత్తగా నేను చూడలేదు, బస్సు కూడా ఆవిడ కోసం ఆగేది. గొంతు స్పీకర్లలో కలిసిపోయింది. గుండె చట్రం దగ్గర వరస మొత్తం ఇటు తిరిగింది. ఆదుకోవడానికి ఒక్క చెయ్యి లేవలేదు గానీ, ఫోన్లు మాత్రం చేలో మొక్కల్లా లేచాయి. మాతోపాటు నిజంగా పరుగెత్తినవాడు ట్యూబులాయన ఒక్కడే. ఆయన పరుగు ట్యూబు కోసం.

మావగారు ఆ నిండు గంభీరతతోనే, మొహం మా వైపే పెట్టి, బండరాయి చాటుకి వెళ్ళిపోయారు. అప్పుడు మా ఆవిడ అరవడం మానేసింది. అది నన్ను భయపెట్టింది.

మేం రాళ్ళమీద దేక్కుంటూ, ముళ్ళలో పడుతూ వంపు తిరిగేసరికి అక్కడ ఏరు గులకరాళ్ళ మీద పలచగా పరుచుకుని ఉంది. గట్టున కొడల నుంచి వచ్చిన భోజి పార్టీ. పెళ్ళి వంటకి సరిపోయే గుండిగ. దాని పక్కన వాళ్ళ తువ్వాలు చుట్టుకుని, వాళ్ళ గరిటె పట్టుకుని, వాళ్ళ కూర కలుపుతూ మావగారు!

"ఉప్పు సాల్లేదు," అన్నారు మమ్మల్ని చూసి.

ఆ పార్టీ పెద్దావిడ నడుం మీద చెయ్యి వేసుకుని ఒడియాలో చెప్పినదాని సారం ఇది: ఎవరో మనిషి వెనక్కి వెనక్కి వస్తుంటే దయ్యమేమో అనుకుందట. గులకరాళ్ళకి తట్టుకుని ట్యూబు ఆగితే ఈవిడ చెయ్యి అందించిందట. "సెయ్యొద్దు! పందెం ఉన్నాది!" అని ముసలాయన అక్కడే నీళ్ళలో బైఠాయించాడట. విసిగిపోయి గరిటె చాపితే, అది పట్టుకుని లేచాడట. లేచాక గరిటె తిరిగివ్వలేదు, అదీ ఫిర్యాదు.

"విన్నావా పిల్లా? సెయ్యి పట్టుకోలేదు," అన్నారు మావగారు.

"గరిటె అవతలి కొస ఆవిడ చేతిలోనే ఉంది కదా మావా," అని న్యాయం చెప్పబోయాను.

"నువ్వుండండీ," అంది మా ఆవిడ. ఆయన ఎదురుగా రాయి మీద కూలబడింది. చీర కుచ్చిళ్ళన్నీ ముళ్ళు, కాలి బొటనవేలు చితికింది. "నాన, నిజం సెప్పు. అల వస్తాదనే కూకున్నావా?"

మావగారు గరిటె తిప్పడం ఆపారు. మొట్టమొదటిసారి గొంతు తగ్గించారు.

"ఎంతసేపు సూసినా రాలేదే అమ్మీ. ఈ ఏరుకి మనిసిని అట్టుకుపోడమే తెల్సు. తిరిగి తేవాలని తెల్దు."

పొయ్యిలో కర్ర చిటపటలాడింది. మా ఆవిడ ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. పొగ అని కళ్ళు తుడుచుకుంది. పొగ అవతలి వైపు వెళుతోంది.

"అయితే సంద్రానికే ఎల్లు," అంది. "అదైతే తెచ్చి పడేస్తాది. ఏరు జోలికి మాత్రం ఎల్లకు."

మావగారు వెంటనే నాకు పని చెప్పారు: కారు దగ్గరికి పోయి ఎండుచేపల డబ్బా పట్రావాలి. ఆ డబ్బా మూత తీయగానే కొడల పార్టీ మొత్తం దగ్గరికి జరిగింది. ఉప్పు గొడవ అక్కడితో తీరిపోయింది. పెద్దావిడ తన గరిటె తనే వెనక్కి లాక్కుంది.

తిరుగుప్రయాణంలో ఘాటీ దిగుతుండగా, సముద్రం ఇంకా ఎక్కడో ఉండగానే, ముందు సీట్లో కునుకుతున్న మావగారు కళ్ళు తెరవకుండా ముక్కు ఎగబీల్చి, "గాలి మళ్ళింది," అన్నారు. నాకు డీజిలూ ఎండుచేపలూ తప్ప ఏ వాసనా తగల్లేదు. మా ఆవిడ మాత్రం అద్దం కిందికి దించింది.