పూజ మూతకే

1978లో మహబూబాబాద్‌లోని ఒక సర్కారు కచేరీలో నన్ను తెలుగు టైపిస్టుగా వేశారు. కొలువు దొరికిందని మా బాపు తొర్రూరు బజారంతా మిఠాయి పంచాడు. ఏడాది తిరగకముందే నా కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవక, కిరాయి గదిలో తోడుగా ఉన్న మా అవ్వే నాకు జడ వేసేది. దవాఖానలో టైపు పని మానేయమన్నారు.

మా సూపరింటెండెంటు నర్సింహయ్య సారు మంచివాడే కానీ, పని ఆగితే ఊరుకోడు. “భుజం గిట్లనే ఉంటే నిన్ను రికార్డు గదికి మార్చాలె బిడ్డా” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. టైపు హయ్యర్ పరీక్ష పాసైంది పాత కాగితాల కట్టల దుమ్ము దులపడానికా?

మా పాత మెషీనులో షిఫ్టు మీట నొక్కితే కాగితం చుట్టిన బండి మొత్తం పైకి లేవాలి. తెలుగులో షిఫ్టు లేకుండా ఒక్క వాక్యం నడవదు. ఆ బరువంతా మోసేది చిటికెన వేలు. దాని నొప్పి మెల్లగా భుజానికెక్కుతుంది. కొత్త రకంలో బండి పైకి లేవదు, అక్షరాల కడ్డీలున్న బుట్టే కిందికి దిగుతుంది.

కొత్త మెషీను మంజూరైనప్పుడు కంపెనీవాళ్లు రెండు రకాలూ చూపడానికి తెచ్చారు. సారు కన్ను బండి లేచేదాని మీదే పడింది. “ఇనుమంటే గిది! మనుమల కాలం దాక ఉంటది” అన్నాడు.

“సారూ, జర మీ చిటికెన వేలుతోని కొట్టి చూడుండ్రి” అన్నాను.

ఆయన ఠీవిగా దాని ముందు కూర్చుని తన పేరు, హోదా కొట్టాడు. హోదా సగంలో ఉండగానే వేలు విదిలించుకున్నాడు. రెండోది తీసుకున్నాం. నెల తిరిగేసరికి జడ నేనే వేసుకున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. కచేరీ ఆచారం ప్రకారం అటెండరు కొమురయ్య మెషీనుకు పసుపు, కుంకుమ పెట్టి, అక్షింతలు చల్లి, పక్కనే కొబ్బరికాయ కొట్టాడు. నేనూ భక్తిగా దండం పెట్టుకుని తొర్రూరు బస్సెక్కాను. సెలవులయ్యాక చూస్తే మీటలు మొరాయిస్తున్నాయి. షిఫ్టు దిగితే లేవడం లేదు. మళ్లీ భుజం నొప్పి మొదలైంది.

“కొత్తది కొత్తదంటివి, గిది గూడ గంతేనాయె. ఇగ రికార్డు గదే” అన్నాడు సారు.

అయినా పట్టు వదలక, కొమురయ్యతో మెషీనును ఎత్తించి బోర్లించాను. అక్షింతలు జలజలా రాలాయి. లోపల కొబ్బరినీళ్లకు తడిసిన కుంకుమ మట్టిలా గట్టిపడింది. కొమురయ్య లెంపలు వేసుకున్నాడు. సారు మాత్రం పడీపడీ నవ్వి, “ఏందిర కొమురయ్యా, మెషీనుకు అన్నం పెట్టినవా?” అన్నాడు. కిరసనాయిలు, బ్రష్షు తెచ్చి ముగ్గురం కలిసి శుభ్రం చేశాక మీటలు మళ్లీ తేలిగ్గా ఆడాయి. మరుసటి దసరా నుంచి బొట్టు మెషీను మూతకే పెట్టాలని సారు హుకుం వేశాడు.

మెషీనును దాన్ని వాడే చేతితోనే ఎంచాలి, ఎంచాక శుభ్రంగా ఉంచాలి. నాకు రికార్డు గది తప్పింది. రిటైరయ్యేదాకా టైపు సీటులోనే ఉన్నాను; జడా నేనే వేసుకున్నాను.