మైసమ్మ టైరు బండి

మా మేనత్త మైసమ్మకు మొండితనం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. నాకైతే అనేవాళ్ళకే బుర్ర తక్కువనిపిస్తుంది. 1958లో తాండూరు చుట్టుపక్కల బండలు మోసేవన్నీ ఇనుప పట్టా కొట్టిన కర్రచక్రాల బళ్ళే. ఆ రోజుల్లో మా అత్త తన గొర్రెలన్నీ అమ్మి రబ్బరు టైర్ల బండి కొన్నది.

ఊరు ఊరంతా నవ్వింది. రబ్బరు మీద రాయి ఆగుతుందా అన్నారు. చప్పుడు చేయకుండా వస్తుంది కాబట్టి దయ్యాల బండి అన్నారు. గాలి పోతే ఎవరు కొడతారన్నది మాత్రం న్యాయమైన ప్రశ్నే. అంత పెద్ద టైరుకు గాలి కొట్టాలంటే వికారాబాద్ దాకా పోవాలి.

బేరాలు రాలేదు. ఎడ్లు కూర్చుని తిన్నాయి. "మంచిగున్న మందను అమ్ముకుంటిమి" అని మామ బీరన్న రోజూ సణిగేవాడు. చివరికి అత్తే బండల వ్యాపారి జంగప్ప దగ్గరికి వెళ్ళింది.

"ఒక్క ఖేపు ఇస్త మైసమ్మా. పొద్దుగూకకముందే టేషన్ల ఉండాలె. నేను ఎవ్వరికోసం ఆగను. బండ పగిలినా, ఆలస్యమైనా మళ్ళ నా తానికి రావద్దు" అన్నాడాయన.

ఆ ఖేపు, ఆ ఒక్క విడత మోత, చెడితే బండి అమ్ముకోవాల్సిందేనని మొగుడూ పెళ్ళాలిద్దరికీ తెలుసు.

సగం దారిలో తుమ్మముల్లు దిగింది. టైరు బుస్సుమని కూలబడింది. వెనక వచ్చే బండివాడొకడు "అక్కా, జర గాలి అప్పియ్యాల్నా?" అని పళ్ళికిలించి పోయాడు. మామ తల పట్టుకుని రోడ్డు పక్కన చతికిలబడ్డాడు.

"అయిపాయె. ఇగ ఇంటికి నడువు."

"నడుస్త గని, ముందుగాల బండలు దించు" అంది అత్త.

మంద అమ్మకముందు కత్తిరించిన ఉన్ని, అంగట్లో అమ్ముదామని మూటకట్టి బండిలో వేసుకొచ్చింది. మామ గడ్డపారతో టైరు అంచు లేపి ట్యూబు లాగేస్తే, అత్త ఆ ఉన్నినంతా లోపల కుక్కింది. చేత్తో చాలక మడమతో తొక్కి మరీ కుక్కింది. మళ్ళీ బండలెత్తారు. చక్రం కాస్త కుంటింది కానీ కదిలింది! ఆ మాట చెప్పేటప్పుడల్లా నాకు ఈలవేయాలనిపిస్తుంది.

ఎండ పూర్తిగా వాలకముందే స్టేషన్ చేరారు. జంగప్ప ఒక్కో బండనూ తడిమి చూశాడు. ఇనుప చక్రాల కుదుపులకు ఖేపుకు రెండో మూడో పగలడం ఆయనకు అలవాటు. ఇక్కడ ఒక్కదానికి మూల కూడా విరగలేదు. తర్వాత చక్రంలోంచి తొంగిచూస్తున్న ఉన్నిని చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇదేం చక్రం మైసమ్మా, గొర్రెను కట్టుకొచ్చినవా? రేపు పొద్దుగాలనే రా. ఇగ నా బండలన్నీ నువ్వే తేవాలె."

"రేపు రాను."

మామ గబుక్కున అత్త కొంగు పట్టి లాగాడు.

"వికారాబాద్ పోయి గాలి కొట్టే పంపు కొనుక్కొస్త. అప్పటిదాంక నువ్వే ఆగాలె సేటూ" అంది అత్త.

జంగప్ప ఆగాడు.